ఒక పేజీకి రెండు చొక్కాలు

ఫిబ్రవరి 4

మనవరాలికి అమ్మమ్మ చెప్పి రాయించేది.

నేను బాగానే ఉన్నాను. ఉత్తరమంటే ముందు ఆ మాట ఉండాలని గుమాస్తా గారు పట్టుబట్టారు, అందుకని రాయించాను. ఇక దెబ్బలాటకి వస్తున్నాను.

మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కార్డులు పంచే పనికి నన్ను తీసుకోలేరట. చదవడం రాయడం వచ్చినవాళ్ళే కావాలట. అది చదివి వినిపిస్తుంటే గుమాస్తా గారికే సిగ్గేసింది. నాకు సిగ్గు కాదు, ఒళ్ళు మండింది.

పోయిన నెల నువ్వు వచ్చినప్పుడు ఈ కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఏం చెప్పావు? హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోండని గోడల నిండా రాయించాం, ఎవరూ రావట్లేదు అన్నావు. గోడ చెప్తే వినరు, తెలిసినవాళ్ళు చెవిలో చెప్తే వింటారు, అందుకని మనిషికి మూడు కార్డులు ఇస్తాం, తమ మాట వినే ముగ్గురికి వాళ్ళు ఇస్తారు, పరీక్షకి వస్తే ఆ ముగ్గురికీ మళ్ళీ మూడేసి ఇస్తాం అన్నావు. పేరు అడగం, కార్డు మీద అంకె ఒక్కటే చూస్తాం అన్నావు. మరి ఇందులో చదువుకి పనెక్కడుంది? చెవికీ నోటికీ కదా పని.

నా వాదన మీ పెద్ద డాక్టరుకి ఉన్నదున్నట్టు వినిపించు. బస్సు డిపో పక్కన నలభై రెండేళ్ళుగా ఇస్త్రీ కొట్టు నడుపుతున్నాను. ఒక్క అక్షరం రాదు. ఇంటికో దారం, ఒక్కో దారానికి ఒక్కో రకం ముడి. పంచర్లవాడి బట్టలకి ఎర్ర దారం రెండు ముడులు, లాడ్జి దుప్పట్లకి నల్ల దారం అడ్డకుట్టు. ఇన్నేళ్ళలో ఒకరి చొక్కా ఇంకొకరి ఒంటి మీదికి ఎక్కలేదు. ఆ ముడులు చదవడం ఈ లోకంలో నాకొక్కదానికే వచ్చు. మీ కంప్యూటరుకి అంత గట్టి తాళం ఉందేమో కనుక్కో.

ఇక జేబులు. ఏమేం దొరుకుతాయో నీకేం తెలుసు. ఒకరి భార్యకి ఇంకొకరు రాసిన ఉత్తరాలు, చెప్పుకోలేని జబ్బుల మందుచీటీలు, కండోమ్ పొట్లాలు. ఇక్కడ గుమాస్తా గారి కలం ఆగింది. "రక్షణ సాధనాలు" అని రాస్తారట. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. రాశారు. దొరికినవన్నీ దొరికిన జేబులోనే తిరిగి పెట్టాను. నోట్లో నువ్వుగింజ నాననివాళ్ళకి, చదువొచ్చిందని, కార్డులు ఇస్తారా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

నాకు ఈ కార్డులు కావాల్సింది ఒక మనిషి కోసం. ఎవరని అడక్కు. పరీక్షకి వెళ్ళాల్సినవాడు, వెళ్ళడు. ఆయన్ని వెళ్ళేలా చెయ్యాలి. మిగతావన్నీ పైమాటలు. అందుకే అడుగుతున్నాను, సూటిగా చెప్పు: రక్తంలో అది ఉందని తేలితే ఇక ఆ మనిషి పని అయిపోయినట్టేనా? డాక్టర్ల భాషలో వద్దు, నాకు చెప్పినట్టు రాయి.

ఫోన్ చెయ్యకు, చెడిపోయింది. ఉత్తరమే రాయి. ఎదురు గదిలోనే ఉంటారు కాబట్టి గుమాస్తా గారు చదివి పెడతారు. పెన్షన్ పుచ్చుకుని ఖాళీగానే ఉన్నారు, ఆయనకీ కాలక్షేపం.

ఇట్లు, పనికిరాదని మీ ఆఫీసు తేల్చిన అమ్మమ్మ వేలిముద్ర.

ఫిబ్రవరి 13

అమ్మమ్మకీ, చదివి వినిపిస్తున్న గుమాస్తా తాతయ్యకీ,

గెలిచావు అమ్మమ్మా. నీ ఉత్తరం సోమవారం మీటింగులో నిలబడి చదివాను. ఆ ఒక్క మనిషి సంగతి వదిలేసి మిగతాదంతా చదివాను. తాళం దగ్గరికి వచ్చేసరికి పెద్ద డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయారు. జేబుల దగ్గర నవ్వలేదు. చదవడం అయ్యాక, "ఈవిడ రేపే మొదలుపెట్టగలరా?" అన్నారు. చదువు నియమం ఆ పూటే కొట్టేశారు. నీ ఒక్కదానికే కాదు, అందరికీ. నా కాళ్ళు నేల మీద లేవు.

కవర్లో మూడు కార్డులున్నాయి. మార్చి 31 దాకా చెల్లుతాయి. నాలుగు సంగతులు చెప్తాను, దారం ముడిలా గుర్తు పెట్టుకో. ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఫలానావాడికి జబ్బు ఉందని అనుమానించి ఇవ్వడం కాదు, వాళ్ళ మాట పదిమంది వింటారా అని చూసి ఇవ్వాలి. ఇచ్చాక వెళ్ళావా అని అడగకూడదు. ఏం తేలిందన్నది అసలే అడగకూడదు, అది వాళ్ళ సొంతం.

ఇక్కడ ఇంకో కొత్త పని మొదలైంది. మందు వాడుతున్నవాళ్ళు ఫోన్లో ఒక గుంపు పెట్టుకున్నారు. ఫోటోలుండవు, పేర్లుండవు. పొద్దున మాత్ర వేసుకున్నవాళ్ళు అందులో ఒక చుక్క పెడతారు. ఎవరిదైనా చుక్క కనబడకపోతే గుంపులో ఇంకొకరు ఫోన్ చేసి, "ఏం, నిద్ర లేవలేదా?" అని అడుగుతారు. మేం కౌన్సెలింగ్ చేసి సాధించలేనిది ఆ చుక్క సాధిస్తోంది.

తాతయ్యా, చిన్నప్పుడు డిపోలో నన్ను ఎత్తుకుని బస్సు హారన్ నొక్కించిన డ్రైవరు తాతయ్య నిన్న ఎందుకో గుర్తొచ్చారు. మీరిద్దరూ మీ గది గుమ్మంలో కూర్చుని పేపరు చెరో సగం చదువుకునేవారు.

అమ్మమ్మా, నీ చివరి ప్రశ్నకి జవాబు వేరే కాగితం మీద రాశాను. ఫోన్ బాగు చేయించు.

నీ మనవరాలు

(వేరే కాగితం)

పని అయిపోయినట్టు కాదు. రోజుకి ఒక మాత్ర. మానకుండా వేసుకుంటే కొన్ని నెలల్లో రక్తంలోని క్రిమి పరీక్షకి కూడా దొరకనంతగా తగ్గుతుంది. అలా తగ్గి అలాగే ఉన్నంతకాలం పక్కలో పడుకున్నవాళ్ళకి కూడా అంటదు. షుగర్ ఉన్నవాళ్ళలాగే పనీపాటా చేసుకుంటూ ముసలితనం దాకా బతుకుతారు. తాకితే, ఒకే కంచంలో తింటే, బట్టలు ఇస్త్రీ చేస్తే రాదు. చంపేది ఆలస్యం. బరువు తగ్గుతూ, చెమటతో ఒళ్ళు తడుస్తూ కూడా వెళ్ళకుండా కూర్చోవడమే చంపుతుంది. ఎవరివల్ల వచ్చిందని ఇక్కడ ఎవరూ అడగరు. ఆ మనిషికి ఇది చెప్పు.

ఫిబ్రవరి 22

మనవరాలికి,

రెండు కార్డులు ఇచ్చేశాను. మొదటిది లాడ్జి మేనేజరమ్మకి. అంతెత్తున లేచింది. "నా మొహం చూసి ఇది నా చేతిలో పెడతావా?" అంది. "నీ మొహం చూసి కాదమ్మా, నీ నోరు చూసి. నువ్వు కేకేస్తే మూడంతస్తులూ ఠంచనుగా లేస్తాయి, అలాంటి నోరు నాకు కావాలి" అన్నాను. కాసేపు దుప్పట్లు లెక్కపెట్టుకుంది. తర్వాత కార్డు జాకెట్లో దోపుకుని, "పరీక్ష చేసేచోట మూడిచ్చేదేదో నాకు ఆరు ఇవ్వకూడదా?" అంది. ఆ గదుల్లో దిగేవాళ్ళందరినీ ఎరిగిన మనిషి.

రెండోది పంచర్లవాడికి. వాడి దగ్గర టైరు మార్చుకునేదాకా లారీ డ్రైవర్లకి కబుర్లు తప్ప వేరే పని ఉండదు కదా. జబ్బు లేనివాళ్ళు అది రాకుండా ముందే వేసుకునే మాత్ర కూడా ఉందట కదా అని వాడే నన్ను అడిగాడు. ఉంది, పరీక్ష చేసే కేంద్రంలో అడుగు అన్నాను. ఉందా? ఉంటే సరే, లేకపోతే నా మాట పోతుంది.

పంచేముందు నేనే వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. నేను మెట్టు ఎక్కకుండా ఎక్కమని ఎదుటివాళ్ళకి ఎలా చెప్పను? వేలిముద్ర వేసే వేలే ఇచ్చాను. అక్కడి పిల్ల తల వంచుకుని ఎవరితో పడుకున్నారని అడగాల్సి వచ్చింది పాపం. "తలెత్తి అడుగు, నాకు మొగుడు పోయి ముప్పై ఏళ్ళు, అడిగినందుకే సంతోషంగా ఉంది" అన్నాను. ఇరవై నిమిషాల్లో చెప్పేసింది. ఏం చెప్పిందో నీకు చెప్పను. ఏం తేలిందన్నది ఎవరి సొంతం వాళ్ళది అన్నావుగా.

సంతోషం ఇంతవరకే. ఇక కోపం. నిన్ను చదివించింది ఈ ఇస్త్రీ పెట్టె. నేను అడిగింది ఒకే ఒక ప్రశ్న. ఉందని తేలితే పని అయిపోయినట్టేనా? చుక్కల గురించి రాశావు, హారన్ గురించి రాశావు, దీనికి మాత్రం జవాబు లేదు.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. మనిషి ఒళ్ళు ఎలా ఉందో అద్దం కంటే ముందు ఇస్త్రీ చేసేదానికి తెలుస్తుంది. ప్యాంటు నడుం దగ్గర బెల్టు బిగించినచోట గుడ్డ మీద గీత పడుతుంది, ఎంత నొక్కినా పోదు. నేను చెప్పే ఆ మనిషి గీత ఈ ఏడాదిలో రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. బనియన్లు తడిసి ఆరి, ఉప్పు చారలతో వస్తున్నాయి.

ఇదే గీత ఇంతకుముందు ఒకసారి చూశాను. మన డ్రైవరుది. ఆయన పోవడానికి ఏడాది ముందు నుంచీ చూశాను. ఒకరి ఒంటి సంగతి మనకెందుకు, మర్యాద కాదు అని నోరు మూసుకున్నాను. ఊపిరితిత్తుల జబ్బన్నారు, ఆసుపత్రికి తీసుకెళ్ళారు, నాలుగు రోజుల్లో పోయాడు. ఆ మర్యాద నా గొంతులో ముల్లులా ఉంది. ఈసారి ఊరుకోను.

మూడో కార్డు నా దగ్గరే ఉంది.

ఇట్లు, జవాబు కోసం కాచుకున్న అమ్మమ్మ వేలిముద్ర.

మార్చి 3

అమ్మమ్మా,

ముందు గొప్ప వార్త. నీ రెండు కార్డుల నుంచి ఇప్పటికి పదిహేడు మంది వచ్చారు. పదిహేడు. గోడల నిండా రాయించినందుకు పోయిన ఏడాది మొత్తం మీద మీ కేంద్రానికి వచ్చింది తొమ్మిది మంది. అంకెలు ఒకదాని కింద ఒకటి గొలుసులా పెరుగుతుంటే మా గదిలో అందరూ నా భుజం మీదుగా వంగి చూస్తున్నారు. వాళ్ళెవరో నాకు తెలియదు, నీకూ తెలియదు. అయినా కొందరికి సకాలంలో మందు మొదలైందని మాత్రం చెప్పగలను. పంచర్లవాడి మాట నిజమే, ముందుగా వేసుకునే మాత్ర ఉంది. అడిగినవాళ్ళకి ఇస్తున్నారు.

కానీ అమ్మమ్మా, నా మనసు బాగాలేదు. నీ ప్రశ్నకి రెండు వైపులా నిండా జవాబు రాసి అదే కవర్లో పెట్టాను. అందలేదా, లేక విని మర్చిపోతున్నావా? మర్చిపోతుంటే దాచకు. మళ్ళీ రాస్తున్నాను, ఈసారి పోకుండా నీలం కాగితం మీద.

ఇంకో మాట. తన సంగతి ఇంకొకరి మీద పెట్టి అడిగేవాళ్ళని నేను రోజూ చూస్తాను. "మా స్నేహితుడికండీ" అంటారు, చేతులు మాత్రం వాళ్ళవే వణుకుతుంటాయి. నీ పరీక్షలో ఏం తేలిందో చెప్పనన్నావు. అడిగిందే మళ్ళీ అడుగుతున్నావు. ఆ మనిషి నువ్వేనా? ఎప్పుడైనా ఎవరి జేబులోనైనా సూది గుచ్చుకుందా? నువ్వయితే నాకు చెప్పు, నేనున్నాను. డ్రైవరు తాతయ్య గురించి చెప్పినచోట అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, ఒకచోట సిరా పాకింది. చెప్తూ ఏడ్చావా?

మూడో కార్డు ఎవరికీ ఇవ్వలేకపోతే వెనక్కి పంపించు, పరవాలేదు. ఫోన్ ఎందుకు బాగు చేయించవు?

నీ మనవరాలు

(నీలం కాగితం)

మళ్ళీ చెప్తున్నాను. పని అయిపోయినట్టు కాదు. రోజుకి ఒక మాత్ర, అంతే. పోయినవాళ్ళు పోయింది జబ్బు ఉన్నందుకు కాదు, ఉందని తెలుసుకోనందుకు, తెలిసినా బయటపడలేనందుకు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న ప్రశ్న మా దగ్గర లేదు. అది తేల్చుకోవాల్సిన పని బతికున్నవాళ్ళకీ లేదు, పోయినవాళ్ళకీ లేదు.

మార్చి 12

మనవరాలికి,

ఆ మనిషి నేను కాదు. నా రక్తంలో ఏమీ లేదు, ఉన్నదంతా కోపమే. నేనేనా అని నువ్వు అడిగింది గుమాస్తా గారు చదవగానే పెట్టె పక్కన పెట్టి నవ్వాను. ఆయన నవ్వలేదు. మతిమరుపు కూడా లేదు. నలభై రెండేళ్ళ దారాలు ఇప్పుడు అడిగినా చెప్తాను. ఏడవనూ లేదు. సిరా నా చేతిలో ఉండదు కదా.

పదిహేడు అని విన్నప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. లాడ్జి మేనేజరమ్మకి అంకె చెప్పాను, అంకె ఒక్కటే. "అందులో సగం నావే" అంది. పంచర్లవాడూ సగం తనవే అంటున్నాడు. పోట్లాడుకోనీ, మంచిదే.

కార్డు వెనక్కి పంపను. అది ఒకరిది.

జవాబు మాత్రం ఈసారి కూడా రాలేదు. నిన్ను తిట్టడం లేదు. గుమాస్తా గారూ, ఇప్పుడు చెప్పేది కూడా రాయండి. మీతో అంటున్నానని కలం ఆపకండి.

నాకు పేజీ చదవడం రాదు గానీ పేజీ ఎంత పొడుగో తెలుసు. మీరు ఒక పేజీ చదివేలోపు నేను రెండు చొక్కాలు చేస్తాను. కాలరు, చేతులు, వీపు, గుండీల పట్టీ, మడత. మొదటి కవర్లో రెండు కాగితాలొచ్చాయి, నాలుగు పక్కలా రాసి ఉంది. ఎనిమిది చొక్కాలవ్వాలి. ఐదో దాని కాలరు మీద ఉండగానే మీరు కళ్ళజోడు తీసి, "అంతేనమ్మా" అన్నారు. నేను ఆ కాలరు పూర్తిచేశాను. మొన్నటి కవర్లోంచి నీలం కాగితం బయటికి రావడం ఈ కళ్ళతో చూశాను. చదువు రాకపోతే రంగులు కూడా తెలియవనుకున్నారా? నీలం కాగితం ఒక్క చొక్కా సేపు కూడా చదవలేదు మీరు.

అవి ఎక్కడున్నాయో చెప్పొద్దు. నాకు తెలుసని రాయండి. మిమ్మల్ని ఏమీ అడగను. పిల్ల బలవంతం చెయ్యొద్దంది, చెయ్యను. నేను అడిగిన ప్రశ్న నా కోసం అడిగింది కాదు. ఉత్తరాలు రాయించిందీ నా కోసం కాదు. చెవులు నావైనా, వినాల్సింది ఆ మనిషి. ఆ మనిషికి నేను చెప్పదలచుకున్నది

మార్చి 19

అమ్మమ్మా,

ఉత్తరం సగంలో ఆగింది. వేలిముద్ర లేదు. అది లేకుండానే ఉత్తరం పోస్టులో ఎవరు వేశారు? రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే ఒక మాట తట్టింది. నేను అనుకున్నది నిజమో కాదో అడగను, అడగకూడదని నీకు చెప్పిన మనిషిని నేనే.

ఒకటి మాత్రం ఇద్దరికీ చెప్తున్నాను. చదవకుండా దాచినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ కాగితం చింపి పారెయ్యకుండా దాచుకున్నారంటే, దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నారని అర్థం.

మీ కేంద్రం గురువారం కూడా తెరిచే ఉంటుంది. వెనకవైపు గుమ్మం ఉంది, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళూ అదే గుమ్మంలోంచి వెళ్తారు. ఎవరు ఎందుకు వెళ్తున్నారో ఎవరికీ తెలియదు. కార్డు గడువు 31.

సెలవు ఏప్రిల్ 15కి గానీ దొరకలేదు. ఆ రోజు మొదటి బస్సుకే వస్తాను. అప్పటిదాకా ఒక్క ముక్కయినా రాయించు. గొలుసు నలభై ఒకటికి చేరింది. ఆ మాట చెప్పడానికి గంతులేస్తూ కూర్చున్నదాన్ని, నీ సగం ఉత్తరం చూసి ముందు సెలవు చీటీ రాశాను.

నీ మనవరాలు

ఏప్రిల్ 9

మనవరాలికి,

నలభై ఒకటా? లాడ్జి మేనేజరమ్మకి చెప్పాను. ఇక లాడ్జి పేరు మార్చి తన పేరు పెట్టుకుంటానంటోంది.

ఆ రోజు జరిగింది చెప్తాను. "చెప్పదలచుకున్నది" దాకా రాసి గుమాస్తా గారు కలం మూత పెట్టారు. కాగితం మడిచి తీసుకుని గదికి వెళ్ళిపోయారు. మూడు రోజులు గుమ్మం తెరవలేదు. నాలుగో రోజు బట్టల మూట మాత్రం వచ్చింది. పచ్చ దారం, ఒక ముడి. చొక్కా జేబులో నీ కాగితాలు రెండూ ఉన్నాయి, మడతల దగ్గర చిరిగేటట్టున్నాయి. అంతకుముందు రెండు మూటల్లో, మొదట ఒకటీ తర్వాత రెండూ, అదే జేబులో చూసి, చూసినట్టే తిరిగి పెట్టాను. ఈసారి పెట్టె వేడి తగ్గించి, పలచటి గుడ్డ కప్పి, రెండింటినీ సాపుగా ఇస్త్రీ చేశాను. మడిచి జేబులో పెట్టాను. మధ్యలో మూడో కార్డు పెట్టాను. జేబులో దొరికింది తిరిగి పెట్టడమే తప్ప కొత్తగా ఒకటి పెట్టడం నలభై రెండేళ్ళలో అదే మొదటిసారి. బలవంతం కిందికి వస్తుందేమో మీ డాక్టరునడుగు, వస్తే నన్ను పనిలోంచి తీసెయ్యమను.

ఇక్కడి నుంచి గుమాస్తా తమ్ముడే తన మాటల్లో రాస్తాడు. నేను మూడు చొక్కాలసేపు ఊరుకుంటాను.

అమ్మాయీ, రెండు నెలలుగా నీ ఉత్తరాలు దొంగిలించినవాణ్ణి నేనే. సగం ఉత్తరం పోస్టులో వేసిందీ నేనే. పూర్తిచేసే ధైర్యం లేదు, చింపే ధైర్యం అంతకన్నా లేదు. రెండేళ్ళ క్రితం ఆసుపత్రిలో డ్రైవరుకి ఆ జబ్బు ఉందని నాకొక్కడికే చెప్పారు. మీరాయనకి ఏమవుతారని అడిగితే "ఒకే గదిలో ఉంటాం" అన్నాను. ఇరవై ఆరేళ్ళు కలిసి బతికాక నా దగ్గరున్న మాట అదొక్కటే. అప్పుడే నేనూ వెళ్ళవలసింది. వెళ్తే, నా నుంచి ఆయనకా, ఆయన నుంచి నాకా అన్నది తేల్చుకోవలసి వస్తుందని భయపడ్డాను. ఏది తేలినా ఆయన్ని మళ్ళీ పోగొట్టుకుంటాననిపించింది. ఆ ప్రశ్న మీ దగ్గర లేదని నీలం కాగితంలో రాశావు. ఆ ఒక్క వాక్యం గొంతు విప్పి చదవలేక దాచాను.

మార్చి 24న వెనక గుమ్మంలోంచి వెళ్ళాను. ఉందని తేలింది. ఛాతీ ఫోటో కూడా తీశారు, క్షయ లేదన్నారు. మాత్ర మొదలుపెట్టి నేటికి పదహారు రోజులు. నాకూ మూడు కార్డులిచ్చారు. డిపోలో ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు ముగ్గురికి నా మాట మీద గురి. ఇద్దరికి ఇచ్చాను. ఒకాయన కార్డు తిరగేసి చూసి, "ఇది నీకెవరిచ్చారు?" అని అడిగాడు. "జేబులో దొరికింది" అన్నాను.

చివరిగా ఒకటి. మా ఇద్దరి బట్టలూ ఈ కొట్టుకి వచ్చిన మొదటి రోజే మీ అమ్మమ్మ రెండు మూటలకీ ఒకే దారం, ఒకే ముడి వేసింది. పొరపాటేమోననుకుని మేము సరిచెయ్యలేదు. పొరపాటు కాదని మాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

చొక్కాలు అయిపోయాయి, మళ్ళీ నేనే. మూడు అన్నాను, ఐదు పట్టింది. ఆయన ఆగి ఆగి రాశాడు, నేనూ మడత మీద మడత వేస్తూ కూర్చున్నాను. ఏం రాశావు తమ్ముడూ అంటే మొత్తం చదివి వినిపించాడు. ఈసారి ఒక్క ముక్క మింగలేదు, కొలిచాను. పచ్చ ముడి మార్చనా అని అడిగాను. ఉండనీ అన్నాడు.

రోజూ ఎనిమిదింటికి మాత్ర వేసుకుని, ఫోన్లో చుక్క పెట్టి, రోడ్డు దాటి వచ్చి నాకు చూపించి వెళ్తాడు. చుక్క చదవడం నాకొచ్చు. మొన్న ఎవరిదో చుక్క రాకపోతే తనే ఫోన్ చేసి, "ఏం, నిద్ర లేవలేదా?" అని దబాయించాడు. గొంతు ఇక్కడిదాకా వినిపించింది.

15న నువ్వొస్తే మూడు కార్డులు కాదు, ఒక కట్ట తీసుకురా. బస్సు దిగాక నాకు ఫోన్ చెయ్యి, గంజిపొడి డబ్బాలోంచి తీసి తుడిచాను. దానికేమీ కాలేదు, మొదటి నుంచీ బాగానే ఉంది. ఈ మాట రాస్తూ నా వైపు గుర్రుగా చూస్తున్నాడు. చూడనీ.

ఇట్లు, పనికొచ్చిన అమ్మమ్మ వేలిముద్ర.

మడిచేముందు ఒక్క మాట. ఈ వారం మూట విప్పాను. బెల్టు గీత కదల్లేదు. ఉన్నచోటే ఉంది.